ప్రార్థన మధ్యలో వచ్చే నీళ్లు

గౌరవనీయులైన పురపాలక కమిషనర్ గారి సముఖమునకు,
రాళ్లవంక పురపాలక సంఘం.

అయ్యా,

విషయం: పండుగల సీజన్ ప్రత్యేక సేవలలో భాగంగా, డిసెంబరు 25 తెల్లవారుజామున మా మిషన్ వీధికి కానుకగా ప్రకటించిన నీటి సరఫరా వేళను మార్చవలసిందిగా, లేదా మార్చకుండా ఉండవలసిందిగా (రెండింటికీ కారణాలు దిగువన), కోరుతూ సమర్పించు అర్జీ.

ప్రార్థన సగంలో లేచి నీళ్లకు పోయిన మనిషి ప్రార్థన ఎక్కడ ముగిసినట్టు? గుడిలోనా, కుళాయి గుంతలోనా?

అర్జీని ప్రశ్నతో మొదలుపెట్టకూడదని నాకు తెలుసు. నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. ఈ వీధిలో ఎవరికి ఏ అర్జీ కావలసినా రాసిపెట్టేది నేనే. కానీ ఈ ప్రశ్న నేను లంగా జాకెట్టు వేసుకునే వయసు నుంచి నా వెంట ఉంది. ఒక ఆదివారం మా అమ్మ నా పక్కన మోకాళ్ల మీద ఉండి పరలోక ప్రార్థన చెబుతూ, సగంలో లేచి, కొంగు బిగించుకొని బయటికి పోయింది. ఆమె 'ఆమెన్' అనలేదు. నేను కళ్లు మూసుకున్నట్టు నటిస్తూ చూస్తూనే ఉన్నాను. చాలా రోజులకు మా అత్త ఏసుమణిని అడిగితే, "మీ యమ్మ ఆమెన్ అనిందో లేదో నాకేం తెలుసే? ఆ పొద్దు బిందెలు మటుకు నిండినాయి" అనింది. తమరి కార్యాలయం వారు పంచిన పండుగ కరపత్రం చూసినప్పటి నుంచి ఆ ప్రశ్న నన్ను కూర్చోనివ్వడం లేదు, నిలబడనివ్వడం లేదు. కనుక ఈ దిగువ సంగతులు తమ దృష్టికి తెస్తున్నాను.

1. మా వీధి కింద అంతా బండ. ఈ ప్రాంతంలో ఇళ్లకు పరిచే నల్లబండ మా కాళ్ల కిందే పరచి ఉన్నది. అందుచేత ఏ ఇంటికీ నీటి తొట్టి తవ్వుకునే వీలు లేదు. పైపులో ఒత్తిడి చాలనందున కుళాయిలు నేలమట్టానికి దిగువన, గుంతల్లో ఉంటాయి. గుంతలోకి దిగి, గొంతుక్కూర్చుని బిందె పట్టుకోవలెను. వంతు రోజు నీళ్లు ఏ వేళకు వస్తాయో తమరి కార్యాలయానికీ తెలియదు, మాకూ తెలియదు. పంపుల దగ్గర కరెంటు ఉన్నప్పుడు వస్తాయి, కాసేపు వస్తాయి, పోతాయి. ఆ కాసేపట్లో గుంత దగ్గర లేనివారికి మళ్లీ వంతు వరకు నీళ్లు లేవు. మా వీధి అంగడి కేశవయ్య గారు కార్తీకంలో మహానంది పోయి వచ్చినప్పుడల్లా, అక్కడి కోనేట్లో అడుగున పడిన రూపాయి కూడా పైకి కనబడుతుందని చెబుతారు. మేమంతా చుట్టూ కూర్చుని వింటాం. (ఇది ఫిర్యాదు కాదు. ఎందుకు రాశానో నాకే తెలియలేదు.)

2. ఇందు నిమిత్తం మా వీధిలో ఒక పద్ధతి ఏర్పడినది. మా తండ్రి, కీర్తిశేషులు ప్రేమయ్య గారు, మా గుడిని (చర్చిని మేము గుడి అనే అంటాం) కనిపెట్టుకొని ఉండి గంట కొట్టేవారు. నేను పుట్టకముందు ఒక కరువు ఎండాకాలంలో, శానా దినాలు ఎండిపోయిన కుళాయి గుడి గేటు దగ్గర ఉన్నట్టుండి బుసకొట్టిందట. ఇంటింటికీ పోయి చెప్పేలోగా నీళ్లు పోతాయని ఆయన పరుగెత్తి గంట తాడు లాగారట. నిప్పంటుకుందేమోనని జనం నీళ్లు లేని బిందెలతోనే వచ్చారట. నింపుకొని పోయారట. అప్పటి నుంచి మా గంట మూడు రకాలుగా మోగుతుంది. ఆరాధనకు తెరిపి లేకుండా. చావుకు ఒక్కొక్కటిగా, మధ్యలో చాలా ఆగి. నీళ్లకు జంటగా: రెండు, ఆగి రెండు.

నీళ్లు ఇడిసే కంబన్న వాల్వు తిప్పి, సైకిలు మీద గుడి గేటు దాకా వచ్చి, "ఇడిసినా!" అని కేక వేస్తాడు. గంట మోగుతుంది. క్రైస్తవుల ఇళ్లలో నుంచి, శెట్ల ఇళ్లలో నుంచి, చివరి వరుస సాయిబుల ఇళ్లలో నుంచి బిందెలు బయటికి వస్తాయి. గంటకు తాడు మాత్రం ప్రతి క్రిస్మస్‌కు ముందు కేశవయ్య గారి అంగడి నుంచే వస్తుంది. వాళ్ల నాయన కాలం నుంచీ అంతే. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆదివారం ఆరాధనలో నీళ్లు వస్తే పాత అయ్యగార్లు, అంటే మా పాస్టర్లు, ప్రసంగం ఆపి, పొడుగాటి పాట ఒకటి ఎత్తుకునేవారు. ఆడవాళ్లు పోయి పట్టుకొని వచ్చేదాకా పాట అయిపోయేది కాదు. మా వీధిలో దానికి 'నీళ్ల పాట' అని పేరు. మా అమ్మ లేచి పోయిన రోజున కూడా పాట పాడారు. కానీ ఆమె పాట మొదలయ్యేదాకా ఆగలేదు. అదే నా బాధ.

ఈ సందర్భంగా మనవి చేయునదేమనగా, నీటి వేళలు ముందుగా తెలపండని మేము పెట్టుకొన్న పాత అర్జీకి తమ కార్యాలయం వారు, "సదరు వీధికి గంట సౌకర్యం ఉన్నందున నిర్ణీత వేళ అవసరం లేదు" అని సమాధానం ఇచ్చియున్నారు. అనగా మా గంట తమ సేవల్లో ఒకటిగా లెక్కకు ఎక్కినది. వాట్సాప్ గ్రూపు కూడా పెట్టారు. అందులో నీళ్లు విడిచినట్టు సమాచారం నీళ్లు పోయిన తర్వాత వస్తుంది; కింద ఎవరో చేతులు జోడించిన బొమ్మ పెడతారు.

3. ఈ పద్ధతిలో లోపం లేదని నేను అనను. మా నాన్న పోయిన రోజు చావు గంట మోగింది. అప్పటికి కొత్తగా కాపురానికి వచ్చిన కేశవయ్య గారి కోడలు నాగశ్రీ, ఆ అమ్మాయిది నంద్యాల వైపు, గంట అంటే నీళ్లే అనుకొని బిందె ఎత్తుకొని పరుగెత్తుకొచ్చింది. ఆమెను చూసి ఇంకొందరు. గేటు లోపల మంచం మీద నాన్న. గేటు బయట బిందెలు. నాగశ్రీ బిందెను గోడవారకు పెట్టి, అట్లనే నిలబడిపోయింది. సమాధుల తోట దాకా నడిచి వచ్చింది. అంత ఏడుపులోనూ మా అత్త ఏసుమణి ముక్కు చీదుకొని, "సూడే, మా యన్నకు నీళ్లోళ్లంతా వచ్చినారు" అనింది. నేను నవ్వాను. తండ్రి శవం దగ్గర నవ్వవచ్చునా అని తర్వాత చాలా రోజులు ఆలోచించాను. (ఇది కూడా తమ కార్యాలయ పరిధిలోనిది కాదు.)

4. నాన్న తర్వాత తాడు అత్త చేతికి వచ్చింది. పోయిన క్రిస్మస్ నాడు జరిగినది తమకు తెలియవలెను. అసలు సంగతి అదే.

ఆ రోజు తెల్లవారుజాము ఆరాధన. మా అయ్యగారు ఏసుబాబు గారు చిన్న వయసువారు, మంచివారు; ఒంటరిగా ఉండే మహాదేవమ్మకు తానే బిందె మోసి ఇచ్చే మనిషి. ఆయన ప్రభు భోజన సంస్కారం ఇస్తున్నారు. రొట్టె విరిచారు. మొదటి వరుస బల్ల ముందు మోకాళ్ల మీద ఉంది. గేటు దగ్గర కంబన్న కేక వినబడింది. వాకిట్లో ఉన్న మా అత్త క్షణం కూడా ఆలోచించలేదు. రెండు, ఆగి రెండు.

సగం గుడి లేచింది. కొత్త పట్టుచీరలు, కొత్త చొక్కాలు. మోకాళ్ల మీద ఉన్నవాళ్లు కొందరు లేచారు, కొందరు లేవలేదు, కొందరు సగం లేచి మళ్లీ వంగారు. నేను మూడో రకం. అయ్యగారు గిన్నె చేతిలో పట్టుకొని అట్లనే నిలబడ్డారు. ఆయన పాట ఎత్తుకోలేదు. ఎత్తుకోగలరా? సంస్కారం వేళ నీళ్లు రావడం అంతకుముందు ఎప్పుడూ జరగలేదు. నాన్న కాలంలో వచ్చి ఉంటే ఆయన ఏం చేసేవారో చెప్పడానికి ఇప్పుడు ఎవరూ లేరు.

ఆరాధన ముగిసినాక వాకిట్లోనే మాటలు నడిచాయి.

"ఏసుమణమ్మా, ఇంకొంచెం సేపు ఆగలేకపోయినావా?" అన్నారు అయ్యగారు. ఆయన గొంతులో కోపం కంటే ఏడుపు ఎక్కువ ఉంది.

"నీళ్లు నిలబడవు నాయనా. దేవుడు నిలబడతాడు. నువ్వూ నిలబడితివి గదా."

"పాట అయితే మధ్యలో ఆపొచ్చు. రొట్టె విరిచినాక ఆపేదెట్ల?"

"ఆపమని ఎవురన్నారు? నువ్వు ఇస్తానే ఉండు. మేం వచ్చి తీసుకుంటాం."

"అది వరసలో నిలబడి తీసుకునే చీటీ కాదమ్మా!"

"కుళాయి కాడ మాది వరసేగదప్పా. అలవాటుండాది."

ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో పని చెడింది. తర్వాత మా గుడి సంఘం కూర్చుని, ఆరాధన జరుగుతుండగా నీళ్లకు గంట కొట్టరాదని తీర్మానించింది. మా అత్త తాడు తెచ్చి నా ఒళ్లో వేసింది. అవును, విప్పుకొని తెచ్చింది. "నువ్వు సదువుకున్నేదానివి. నువ్వే తేల్చుకో" అని పోయింది. ఆ రోజు నుంచి గుడి గడప తొక్కలేదు. మా గుడికి ఎదురిల్లే ఆమెది. ఆదివారం ఆరాధన గంట నేను కొడుతుంటే, తలుపు సగం తీసి, లోపల మోకాళ్ల మీద కూర్చుని ఉంటుంది. నాకు కనబడుతుంది. నాకు కనబడుతుందని ఆమెకు తెలుసు.

5. ఇక ఈ నెల మొదట్లో తమరు జరిపించిన సెమీ క్రిస్మస్ సంబరాల విషయం. తమరు ఆ వేదిక మీదే ఉన్నారు గనుక వివరించనక్కరలేదు. అయితే తమరు పైన ఉన్నారు, కంబన్న కింద ఉన్నాడు. కనుక కింద జరిగినది మనవి చేసుకొంటాను.

మా వీధి మొదట్లో, మునిసిపల్ బడి ఆవరణను ఆనుకొని, వేదిక కట్టారు. మా వీధి వాల్వు గుంత సరిగ్గా ఆ వేదిక కింద ఉన్నది. కట్టేవాళ్లకు కంబన్న చెప్పాడు. "ఒక్క సాయంత్రమే గదన్నా" అన్నారట. ఆ సాయంత్రమే మా వంతు. దుమ్ము లేవకుండా ఆవరణలో ట్యాంకర్లతో నీళ్లు చల్లించారు. ఆ తడి మట్టి వాసనకు మా ఆడవాళ్లు ఆ నేల వంక చూసిన చూపు నేను రాయలేను. ముఖ్య అతిథి గారు ప్రేమ గురించి మాట్లాడుతుండగా, వేదిక చెక్కలకు కింది నుంచి దెబ్బలు వినబడ్డాయి. ఆయన మాట ఆపి తన కాళ్ల వంక చూసుకున్నారు. అవి కంబన్న వాల్వు తిప్పే ఇనుప కడ్డీ తగిలిన దెబ్బలు. తర్వాత ఎర్ర గుడ్డ తెర కింది నుంచి కంబన్న తల, భుజాలు, కడ్డీ వరసగా బయటికి వచ్చాయి. క్రిస్మస్ తాత వేషగాడి పక్కనే లేచి నిలబడ్డాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇద్దరిలో ఎవరికి కొట్టారో తెలియదు.

కంబన్న తిన్నగా పాటల వరుసలో ఉన్న నా దగ్గరికి వచ్చాడు.

"టీచరమ్మా, ఇడిసినా. పో, కొట్టు."

"ఇప్పుడా కంబన్నా? మీటింగు జరుగుతాంది."

"మీటింగుకేంమా, రేపు గూడా జరుగుతాది. కరెంటు పోతే నా పూచీ ల్యా."

నేను పోయి కొట్టాను. ఆరాధన వేళ కాదు గనుక సంఘం తీర్మానానికి విరుద్ధం కాదనుకున్నాను. కుర్చీలు ఖాళీ అయ్యాయి. పాటల వరుస కూడా పోయింది. కేకు తమరు, ముఖ్య అతిథి గారు, తాత, ఫోటోగ్రాఫరు కలిసి కోశారు. బిందెతో వేదిక ముందు నుంచి పోతూ నాగశ్రీ, "సార్, కొంచెం కాళ్లు ఎనక్కి పెట్టుకోండి, బిందె తగులుతాది" అన్న మాట అమర్యాదగా అన్నది కాదు. నిజంగానే తగిలేది.

ఆ తర్వాత తమ కార్యాలయం నుంచి మా సంఘానికి మెమో వచ్చినది. ప్రభుత్వ కార్యక్రమానికి అంతరాయం కలిగినందున, సదరు గంటను ఇకపై ఆరాధన వేళల్లో తప్ప మోగించరాదు.

అయ్యా, దయచేసి రెండు ఉత్తరువులనూ ఒకచోట పెట్టి చూడగలరు. సంఘం తీర్మానం ప్రకారం ఆరాధన వేళ నీళ్లకు కొట్టరాదు. తమ మెమో ప్రకారం ఆరాధన వేళ తప్ప అసలు కొట్టరాదు. రెండింటినీ నేను పాటించిన పక్షంలో మా వీధికి ఇక నీళ్లు వచ్చినట్టు తెలిసే దారి లేదు. మెమో వచ్చినాక ఒక వంతు అట్లే పోయింది. కంబన్న గేటు దగ్గర అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. "మీ గంట కంటే నాకు జీతం తక్కువ, దానికేమో మెమోలు గూడా ఇస్తాండారు" అన్నాడు. ఆ రోజు నీళ్లు అందనివాళ్లు నన్ను ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

6. ఇంతలో తమ పండుగ కరపత్రం. ఆటోలో మైకు పెట్టి కూడా చెప్పారు. నూతన సంవత్సర ముగ్గుల పోటీలు, వీధి దీపాల అలంకరణ, చెత్త బండి అదనపు వేళలు, వాటి కింద, "క్రిస్మస్ కానుకగా మిషన్ వీధికి 25న తెల్లవారుజామున ప్రత్యేక నీటి సరఫరా." సరిగ్గా ఆరాధన వేళ. ఇది ఎవరో మంచి మనసుతో రాశారని నాకు తెలుసు. క్రైస్తవుల పండుగ గనుక, పొద్దున్నే స్నానాలకు నీళ్లు కావాలనుకొని ఉంటారు. ఆ వేళకు మేము స్నానాలు చేసి, పట్టుచీరలు కట్టుకొని, మోకాళ్ల మీద ఉంటామని వారికి ఎవరూ చెప్పలేదు. మేమూ ఎప్పుడూ చెప్పలేదు.

ఆ రోజు మధ్యాహ్నం మా గుడి ఆవరణలో వీధి అంతటికీ అన్నాలు. శెట్ల ఇళ్లవారికి కేశవయ్య గారి భార్య సుందరలక్ష్మి గారు మా పొయ్యిల పక్కనే వేరు పొయ్యి మీద పప్పు, చిత్రాన్నం చేస్తారు. ఆ పొయ్యికి, ఈ పొయ్యికి నీళ్లు ఒకటే. ముందు వంతు నీళ్లు అప్పటికి అయిపోయి ఉంటాయి. కనుక తెల్లవారుజామున ఆ నీళ్లు పట్టుకోకపోతే, పండుగ నాడు వీధిలో పొయ్యి వెలగదు.

అయ్యగారు నన్ను పిలిచి, "కృపక్కా, వేళ మార్పించమని అర్జీ రాయి" అన్నారు. సరేనన్నాను. బయటికి వచ్చేసరికి కేశవయ్య గారు అంగడి మెట్ల మీద నిలబడి ఉన్నారు.

"కృపమ్మా, మార్చమని రాస్తాండావంట?"

"అవును మామా. ఆరాధన వేళ గదా."

"కానుక ఇచ్చినోళ్లను కాదనేది యాడన్నా ఉండాదా? మార్చమంటే వాళ్లు మార్చరు, తీసేస్తారు. పైన కాలనీకి పోతాయి ఆ నీళ్లు. నా మాట విను, ఉన్నేది ఉండనీ."

"మరి మేమంతా గుడిలో ఉంటే పట్టేదెవరు?"

"మేం లేమా? ధనుర్మాసం, ఎట్లన్నా ఆ పొద్దుకు లేచే ఉంటాం. మీ బిందెలు గూడా మేం పడతాం. నువ్వు గంట కొట్టి మళ్లా కూచో."

లోపలి నుంచి నాగశ్రీ తల బయటికి పెట్టి, "మా యత్త బిందెలకే నాకు నడుం పోతాంది, అక్కా. మామయ్యను ముందు ఒక బిందె ఎత్తమను, సూద్దాం" అనింది. ఆయన, "నువ్వు లోపలికి పో" అన్నారు కానీ నవ్వారు. సంగతి ఏమంటే, నీళ్లు వచ్చే కాసేపట్లో సగం వీధి మనుషులు వీధి మొత్తానికి పట్టలేరు. ఆయనకూ తెలుసు. మాట మంచిది గనుక కాదనలేకపోయాను. పైగా గంట మోగితే గుడిలో మోకాళ్ల మీద ఎవరు మిగులుతారు? మా వీధి మనుషులకు ఆ రెండు దెబ్బలు చెవిలో కాదు, కాళ్లలో వినబడతాయి.

కంబన్నను అడిగాను. "వేళ మార్పించుకుంటే ఏమైతాది కంబన్నా?"

"మారుస్తారుమా. మార్చి రాసేలోపల పండగ అయిపోతాది. అప్పుడు రెండూ ఉండవు."

చివరికి మా అత్త దగ్గరికి పోయాను. రాగులు చెరుగుతూ ఉంది. తల ఎత్తలేదు.

"అత్తా, ఈసారి పండగకన్నా గుడికి రా."

"గంట మోగితే వస్తా."

"ఆరాధన గంట నేనే కదా కొట్టేది, మోగుతుంది."

"ఆ గంట కాదు. నీకు తెలుసు ఏ గంటో."

"సంస్కారం మధ్యలో కొట్టమంటావా? అయ్యగారు మళ్లా అట్ల నిలబడిపోతే?"

అప్పుడు తల ఎత్తింది. "నేను ఆ పొద్దు తప్పు చేసినానా, ఒప్పు చేసినానా, సంవత్సరమాయ, ఒక్కరన్నా నా మొగం మింద చెప్పలేదు. నువ్వు గూడా చెప్పలేదు. నువ్వు కొడితే ఒప్పని తెలుసుకుంటా, బిందె తీసుకొని వస్తా. కొట్టకుంటే తప్పని తెలుసుకుంటా. ఇంట్లోనే ఉంటా. అంతే మరి."

చేట కింద పెట్టి, నా చెయ్యి పట్టుకొని అరచేయి తిప్పి చూసింది. "తాడుకు ఇంకా కాయలు కాయలేదే నీకు" అనింది.

ఇదీ పరిస్థితి. నేను గంట కొడితే గుడి చీలుతుంది, అత్త తిరిగి వస్తుంది, వీధి అన్నం తింటుంది. కొట్టకపోతే గుడి నిలుస్తుంది, అత్త రాదు, వీధి పస్తుంటుంది. ఇట్ల రెండు వైపులా తూకం వేసి రాయడం నా చదువు నేర్పిన దుర్గుణం. బతుకు ఇంత సమానంగా ఉండదని తెలిసి కూడా రాస్తున్నాను.

పై కారణముల వలన తమరిని కోరునదేమనగా:

(అ) ప్రత్యేక నీటి సరఫరాను 24 మధ్యాహ్నానికి మార్చగలరు. మార్చడం వీలుకాక రద్దు చేసే ఉద్దేశం ఉంటే, దయచేసి మార్చవద్దు.

(ఆ) మార్చని పక్షంలో, ఆ వేళకు తమ సిబ్బందిని ఇంటింటికీ పంపి, తలుపు తట్టి చెప్పించగలరు. గుడి తలుపు కూడా తట్టవలెనా అన్నది నాకు తోచడం లేదు.

(ఇ) వేదిక చట్రం ఇంకా వాల్వు గుంత మీదనే ఉన్నది. నూతన సంవత్సర వేడుకలకు అట్టిపెట్టారని విన్నాం. కంబన్న ఇంకా పాకుతున్నాడు. అతనికి నడుము నొప్పి. తీయించగలరు.

(ఈ) గంటపై ఇచ్చిన మెమోను ఉపసంహరించగలరు. ఉపసంహరిస్తే తర్వాత జరిగేదంతా నా మీద పడుతుంది. మెమో ఉంటే, మామూలు వంతులకు కొట్టనందుకైనా తమ పేరు చెప్పి తప్పించుకోవచ్చు. అందుచేత ఉపసంహరించమని ఎంత గట్టిగా అడగవలెనో నాకే తెలియడం లేదు. అయినా అడుగుతున్నాను.

(ఉ) వచ్చే ఏడు పండుగ కరపత్రం అచ్చువేసే ముందు, మా వీధి ఆ వేళకు ఏం చేస్తుంటుందో ఒక్క మాట అడగగలరు. మా ఇంటి తలుపు తీసే ఉంటుంది.

ఈ అర్జీ వీధి తరఫున రాసినదా, సంఘం తరఫున రాసినదా అని తమరు అడగవచ్చు. ఇద్దరూ రాయమన్నారు. ఇద్దరికీ చదివి వినిపించాను. అయ్యగారు, "బాగుంది కానీ ఏమి అడిగినావో తెలియలేదు" అన్నారు. కేశవయ్య గారు, "బాగుంది కానీ అయ్యగారి పక్కే రాసినావు" అన్నారు. అత్తకు వినిపించలేదు.

వీలు చూసుకొని చిత్తగించవలెనని, చిత్తగించినాక ఏదో ఒకటి తేల్చవలెనని కోరు,

తమ విధేయురాలు,
బి. కృపమణి, ఎం.ఏ.,
మిషన్ వీధి, రాళ్లవంక.
డిసెంబరు 19.

తా.క.: ఇది కవరులో పెడుతుండగా కేశవయ్య గారు కొత్త తాడు పంపారు. నాగశ్రీ తెచ్చింది. "మామయ్య, లాగినా లాగకున్నా తాడు తాడే అని చెప్పమన్నాడక్కా" అనింది. పాతది విప్పి కొత్తది కట్టాను. కట్టేటప్పుడు అత్త తలుపు సగం తెరిచి ఉంది. నేను అటు చూడలేదు. ముడి రెండుసార్లు వేశాను.

తమరు వేళ మార్చినా, మార్చకపోయినా, జవాబు పండుగలోపల రాదని కంబన్న అంటున్నాడు. అతని మాట నిజమే కావచ్చు. అట్లయితే 25న తెల్లవారుజామున అయ్యగారు రొట్టె విరుస్తారు, గేటు దగ్గర కంబన్న కేక వేస్తాడు, నేను వాకిట్లో తాడు పక్కన మోకాళ్ల మీద ఉంటాను. లేచి లాగుతానో, ఆమెన్ అనేదాకా ఉంటానో, అయ్యా, నాకు ఇంకా తెలియదు.